పసుపెక్కిన మూత

మరమ్మతుకిచ్చిన వీడియో గేము ఇంటికొచ్చిన మూడో రోజున హనుమంతరావు కంట్లో ఆ తేడా పడింది.

పెట్టె అడుగుభాగం పాలలా తెల్లగా ఉంది. పైమూత మాత్రం పసుపు పూసినట్టుంది.

మద్రాసులో కొన్నప్పుడు రెండూ ఒకే తెలుపు. ఆ తర్వాత దాన్ని పరీక్షగా చూసిన గుర్తు అతనికి లేదు. కిటికీ దగ్గర, కూతురు హైమ మంచం పక్కనే ఉండేది. హైమకు పదేళ్ళు. కీళ్ళ జ్వరం గుండెకు పాకిందని, మూడు నెలలు మంచం దిగకూడదని డాక్టరు చెప్పాడు. పిల్లకు ఆ ఆటతోనే పొద్దు గడిచేది. సరిగ్గా అప్పుడే అది పాడైంది.

మాచర్ల స్టేషను రోడ్డులో కొత్తగా రేడియో మరమ్మతు కొట్టు పెట్టిన మీరా సాహెబ్‌కు పాప సంగతి చెప్పి, తొందరపెట్టి బాగుచేయించాడు. ఆ మెకానిక్ ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. తెలియనివాడి చేతికివ్వడమే తప్పయిందనుకున్నాడు హనుమంతరావు.

నాపరాళ్ళ వ్యాపారం అతనిది. మాటా చెయ్యీ రెండూ దురుసే. పెట్టె చంకన పెట్టుకుని కొట్టుకు పోయాడు.

"మా మూత ఏదిరా?"

మీరా సాహెబ్ చేతిలో పని పక్కన పెట్టి, అది మీ మూతేనని నెమ్మదిగా చెప్పాడు.

"ప్లాస్టిక్కు నిప్పంటుకోకుండా ఏదో మందు కలుపుతారండీ. ఎండ తగిలి తగిలి ఆ మందు వల్లే పచ్చబడుద్ది. మూత ఒక విడతలో పోతపోసింది, అడుగు ఇంకో విడతలో పోసింది. రెండూ ఒక్కలాగా మారవు. మద్రాసులో పనిచేసేటప్పుడు చానా చూశా."

"ఎండకి ఏదైనా వెలిసిపోద్ది గానీ, రంగొచ్చుద్దంట్రా?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో హనుమంతరావు చెయ్యి లేచింది.

దెబ్బకు మీరా సాహెబ్ కళ్ళజోడు రోడ్డు మీద పడింది. వంగి తీసుకున్నాడు.

పాత మూత బిగించి కొత్తది కాజేశాడన్న మాట వారంలో ఊరంతా పాకింది. రేడియోలు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. నెల తిరక్కుండా కొట్టు ఖాళీ చేయించారు. భార్యను వెంటబెట్టుకుని పిడుగురాళ్ళ వైపు పోయాడని, సున్నపు బట్టీలో పనికి కుదిరాడని ఎవరో అంటే హనుమంతరావు విని ఊరుకున్నాడు.

హైమ కోలుకుంది. బడికి పోతోంది.

రెండేళ్ళకు బావమరిది అమరేశ్వరరావు మద్రాసు నుంచి వస్తూ తన గేము కూడా తెచ్చాడు. రెండూ ఒకే రోజు, ఒకే షాపులో కొన్నవి. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టగానే హనుమంతరావు చూపు అక్కడే ఆగిపోయింది.

పైమూత పసుపు. అడుగు తెలుపు.

"దీన్ని ఎవరన్నా విప్పారా?"

"లేదు బావా. కొన్నకాడి నుంచీ స్క్రూ కూడా కదపలా. మా ఇంట్లో ఎండ పడే చోట పెట్టాం, అట్టా అయింది."



మర్నాడే పిడుగురాళ్ళ బస్సెక్కాడు. బట్టీ బట్టీకీ తిరిగి అడిగాడు. చివరికి ఒక రేకుల పాకలో మీరా సాహెబ్ భార్య అబిదా కనిపించింది. దగ్గు ముదిరి, పోయిన వానాకాలంలోనే ఆయన చనిపోయాడని చెప్పింది.

హనుమంతరావు తానెవరో చెప్పుకున్నాడు. చేతులు జోడించాడు. మీ ఆయన దొంగ కాదని ఇప్పుడు తెలిసిందమ్మా అన్నాడు.

ఆమె తిట్టలేదు. పాప ఎట్టా ఉందని అడిగింది. బాగుందని చెప్పాడు.



"మీ పెట్టెలో పార్టు కాలిపోయిందయ్యా. మద్రాసుకు మనిషిని పంపినా దొరకలా," అంది. "మేం మీ ఊరు రాకముందే మా పిల్లోడు కూడా అట్టాగే మంచాన పడి చనిపోయాడు. వాడికని ఈయన బాగుచేసిచ్చిన గేము ఒకటి దాచుకున్నాం, అందులోది ఊడదీసి మీ పాపకు పెట్టాడు."