క్లోమ్ అంటే ఉట్టి మట్టి

"దీన్ని మీరేమంటారమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన గోడలో ఉన్న రొట్టెల పొయ్యి వైపు వేలు చూపించాడు. చేతిలో పుస్తకం ఉంది. చెవి మీద పెన్సిలు ఉంది. మెడ దాకా బొత్తాలు పెట్టిన నల్ల కోటు.

పుస్తకం చూడగానే థర్జా పొయ్యికి అడ్డంగా జరిగింది.

ఇంగ్లండులోని ఆ డెవన్ కొండల్లో పుస్తకం పట్టుకుని గడప తొక్కేవాడు ఒక్కడే. బీదల ఇంటి ఆఫీసరు. పాతవాడు పోయాడనీ, కొత్తవాణ్ణి వేశారనీ మొన్న ఆదివారమే చర్చిలో చెప్పుకున్నారు.

వాడొస్తే ఇంట్లో సామానంతా రాసుకుపోతాడు. అమ్ముకోదగ్గవి నాలుగు కనబడ్డాయా, వారం వారం ఊరు పెట్టే రొట్టె బందు. ఆపైన అత్తనూ కోడలినీ బండెక్కించి బీదల ఇంట్లో పడేస్తారు. అత్త ఒక గదిలో, కోడలు ఇంకో గదిలో. కిందటేడు పక్కింటి హెస్టర్‌ని అలాగే తీసుకుపోయారు. మళ్ళీ వచ్చింది హెస్టర్ కాదు, శవపెట్టె.

"అదా? ఉట్టి మట్టి బాబూ!" అంది థర్జా. "ఏదో పూసి పెట్టుకున్నాం. చిల్లిగవ్వ చెయ్యదు."

ముసలాయన కళ్ళు మెరిశాయి.

"మట్టి! భలే చెప్పావు తల్లీ!" అంటూ గబగబా రాసుకున్నాడు. "వెయ్యేళ్ళ కిందట కూడా ఈ పొయ్యి పేరుకి అదే అర్థం. పూసే మట్టి. తర్వాత ఆ మట్టితో చేసిన కుండకీ అదే పేరొచ్చింది. ఏదీ, ఆ పేరు నీ నోటితో ఒక్కసారి చెప్పు."

వీడి సంబరం తగలెయ్య! మా నోటి దగ్గర కూడు లాక్కోవడానికి ఎంత హుషారు అనుకుంది థర్జా.

"నాకు తెలీదు."

"ఆ మంచంలో పెద్దావిడ ఏమంటారు?"

"ఆవిడకి చెముడు."

చెముడట! మంచంలోంచి అత్త కెజయా గొంతు ఖంగుమంది.

"క్లోమ్! క్లోమ్ పొయ్యి అంటారయ్యా! నా పెళ్ళికి మా నాన్న గాడిద మీద వేసి తెచ్చాడు. దాంతోపాటే క్లోమ్ కూజాలు నాలుగు, క్లోమ్ పళ్ళేలు ఆరు. నా మంచం కిందే దాచింది మా కోడలు!"

"అత్తా! నోరు మూస్తావా?"

"ఎందుకే మూయడం? నా పుట్టింటి సొమ్ము!"

"మీ పేరేమిటమ్మా?" అన్నాడు ముసలాయన.

"కెజయా ప్రస్ట్. తప్పుల్లేకుండా రాయి!"

ఆయన రాస్తూ దగ్గాడు, దగ్గుతూ రాశాడు. బయట వాన, మంచు కలిసి పడుతున్నాయి.

"కాస్త వెలిసేదాకా ఆ పొయ్యి పక్కన కూర్చోనిస్తావా అమ్మా?"

"ఎందుకు, కూర్చుని మిగతావి కూడా రాసుకోవడానికా?" థర్జాకి ఒళ్ళు మండిపోయింది. "పో! పోయి మీ బీదల ఇంట్లోనే కాచుకో చలి!"

ముసలాయన ముఖం పాలిపోయింది. తల దించుకున్నాడు.

"అక్కడికే పోవాలమ్మా. చీకటి పడేలోగా చేరాలి."

"చూశావా అత్తా, ఇవాళే మన లెక్క అప్పచెప్పేస్తాడట!" అంటూ థర్జా ధడాలున తలుపేసింది.

ఇంక ఆగలేదు. రేపు బండి వచ్చేసరికి చూపించడానికేమీ మిగలకూడదు. కూజాలూ పళ్ళేలూ పెరట్లోకి మోసి సుత్తితో చితక్కొట్టింది. అత్త మంచంలో గుండెలు బాదుకుని ఏడ్చింది.

మర్నాడు బండి రాలేదు, పాదిరిగారి నుంచి కబురొచ్చింది. కొండ దారిలో రాతి గోడ చాటున ఎవరో ముసలాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడట. ఊరి రొట్టె తినే ఆడవాళ్ళే ఊరి శవాలకు స్నానం చేయించాలి.

చర్చి వసారాలో థర్జా చూసిన శవం మీద నిన్నటి నల్ల కోటే ఉంది. పాదిరిగారి చేతిలో అదే పుస్తకం.

"అందులో... మా పేరుందా బాబూ?"

"ఉంది," అని చదివారాయన. "క్లోమ్. మట్టి, మట్టితో చేసిన కుండ. చెప్పినవారు కెజయా ప్రస్ట్. చచ్చిపోయిందనుకున్న మాట ఈ ఇంట్లో బతికే ఉంది."

"తర్వాత? మా కూజాలెన్నో, పళ్ళేలెన్నో?"

"లెక్కలేం లేవమ్మా. అన్నీ మాటలే. మొదటి పేజీలో ఉంది, ఎవరో పెద్ద నిఘంటువు రాస్తున్నారట, దానికోసం ఊరూరా తిరిగి ఏరుతున్నాడు. పాపం, అచ్చులో చూసుకోకుండానే పోయాడు."

"అయితే ఈయన ఆఫీసరు కాదా?"

"ఎవరో ఏమిటో, తన పేరెక్కడా రాసుకోలేదు."

థర్జా తడి కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది. లోపలి చొక్కా మీద, బీదల ఇంట్లో తలదాచుకునే వాళ్ళ బట్టలకి మాత్రమే వేసే నల్ల ముద్ర ఉంది.