గోడకున్న చెవి

ఇప్పుడు ఏ బడికి వెళ్లినా గోడకు ఈ చెవి అనే యంత్రం ఉంటుంది. పాఠంలో టీచర్ గొంతు ఎక్కువైతే మార్కులు తెగ్గోస్తుంది, పిల్లల గొంతు ఎక్కువైతే వేస్తుంది. బీఈడీ చదువుతున్న వకుళ ఇంగ్లిషు టీచర్ కావాలంటే దాన్ని మెప్పించాలి.

ఇవాళే ఆఖరి పరీక్ష. పాఠం మధ్యలో ఆగి, "అర్థమైందా?" అని అడిగింది.

"అయింది టీచర్!" క్లాసంతా ఒకే రాగం. చెవి మీద పచ్చదీపం వెలిగింది.

వెనక బెంచీలో హన్విక లేచింది. "నాకు సమజ్ కాలే టీచర్."

అందరూ గప్‌చుప్. దీపం ఎర్రబడింది.

"కూసోయే! టీచర్ మార్కులు పోతున్నయ్," అని పక్కపిల్ల జడ పట్టి లాగింది.

వకుళకు ఒళ్లు మండిపోయింది. "పోతే నావే పోతయ్! నిజం చెప్పుండ్రి. ఇంకెవరికి అర్థం కాలేదు?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి అదే రాగం తీశారు.

"అర్థం కాలేదు టీచర్!"

దీపం పచ్చబడింది. "విద్యార్థుల భాగస్వామ్యం అద్భుతం. మీరు పాసయ్యారు," అంది చెవి.

వెనక బెంచీలో హన్విక ఇంకా నిలబడే ఉంది.