బస్తా మధ్యలో కాయ

హుస్సేన్ సాహెబ్ లోపలికి వచ్చి కూర్చోగానే బాలు మూడుసార్లు తుమ్మాడు. మిర్చి యార్డు నుంచి తిన్నగా వచ్చేవాళ్లతో ఎప్పుడూ ఇదే గొడవ, మనిషికన్నా ముందు ఘాటు వస్తుంది. పక్కనే ఉన్న సిద్దికా మాత్రం తుమ్మలేదు. ఆయన్ని చూసి చటుక్కున లేచి నిలబడింది, అంతే.

పిల్లల్ని అమెరికా చదువులకు పంపే ఆఫీసు బాలుది. అరండల్‌పేటలో ఒక మందుల షాపు పైన రెండు గదులు. 2003లో గుంటూరులో అలాంటివి సందుకొకటి ఉండేవి. బాలుకి మాటకారి అని పేరుంది గానీ, మొండి తల్లిదండ్రుల్ని ఒప్పించే పని మాత్రం ఆరు నెలల కిందట చేరిన సిద్దికాదే. విజయవాడ దాటి ఎరగకపోయినా, ఏ యూనివర్సిటీలో లైబ్రరీ ఎటుంటుందో, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో కళ్లతో చూసినట్టు చెప్పేది.

హుస్సేన్ సాహెబ్ తన సంగతి తనే చెప్పుకున్నాడు. యార్డులో కొనుగోలుదారుల తరఫున సరుకు చూస్తాడట. కూతురికి కాటన్‌వుడ్ స్టేట్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఫీజు కూడా లేదట. వస్తుందో రాదో ఆ సాయంత్రంలోగా రాసి పంపాలి. తనేమో వద్దన్నాడు.

మా దగ్గర అప్లై చేయలేదే అని బాలు కాస్త నొచ్చుకుంటూ అడిగాడు. తనే చేసుకుంది అన్నాడాయన. పోనీలే, వీసా పనైనా మనకొస్తుంది కదా అని బాలు సర్దుకుని, మరి అమ్మాయి ఏమంటోందని అడిగాడు.

“ఏమీ అనదు. మేమిద్దరం మాట్లాడుకుని ఇరవై రోజులైంది. అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోతుంది. ఇక్కడైతే ఎవరు ఏమడిగినా మేడం ఓపిగ్గా చెబుతారని విన్నాను. అందుకే వచ్చాను.”

సిద్దికా తలొంచుకుని కింది షాపుకి ఫోన్ చేసి టీ చెప్పింది. ఆయనకు చక్కెర లేకుండా. ఈ వయసువాళ్లకి షుగరు ఉంటుందని ఎంత బాగా కనిపెట్టిందో అని బాలు మనసులోనే మెచ్చుకున్నాడు.

ఆమె రంగుల పుస్తకం తెరిచి గడియార స్తంభం, చెరువు, పచ్చికలో కూర్చుని చదువుకుంటున్న పిల్లలు, ఒక్కొక్కటే చూపించింది. హుస్సేన్ సాహెబ్ కాసేపు చూసి పుస్తకం పక్కకు జరిపాడు.

“ఇది పైకాయ మేడం. బస్తా పైన ఎవడైనా మంచి కాయే పోస్తాడు. నేను చెయ్యి మధ్యలోకి పెట్టి తీస్తాను. ఆ మధ్యలో కాయ చూపించండి.”

బాలు బల్ల కింద నుంచి వద్దని సైగ చేశాడు. సిద్దికా చూడలేదో, చూసీ పట్టించుకోలేదో, ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. చలికాలం సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది. హలాల్ మాంసం కావాలంటే రెండు బస్సులు మారాలి. నమాజుకి లైబ్రరీ కింద ఒక చిన్న గది ఇచ్చారు, అదీ పిల్లలు రెండేళ్లు అడగ్గా అడగ్గా. జ్వరం వస్తే పక్క గదివాళ్లే దిక్కు.

“మొదటి నెల చాలామంది బట్టలుతికే గదిలోకి వెళ్లి ఏడుస్తారటండి. మిషన్ల చప్పుడులో ఎవరికీ వినపడదని.”

ఇక ఈ కేసు మునిగిపోయినట్టే అనుకున్నాడు బాలు.

“ఇంత తెలిసీ ఆ పిల్ల ఎందుకు వెళ్తానంటోంది?” అని అడిగాడు హుస్సేన్ సాహెబ్.

ఆ యూనివర్సిటీ నూట ముప్ఫై ఏళ్ల కిందట రైతుల పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన కాలేజీ అంది సిద్దికా. పొద్దున పొలం దున్ని, మధ్యాహ్నం పాఠాలు వినేవాళ్లట. మొదట్లో ఆడపిల్లల్ని చేర్చుకునేవాళ్లు కాదు.

“రెండో ఏడు ఒక రైతు కూతుర్ని గుర్రబ్బండిలో తీసుకొచ్చాడండి. కుదరదన్నారు. ఆఫీసు మెట్ల మీద కూతురి పక్కనే కూర్చున్నాడు. మూడు రోజులు లేవలేదు. నాలుగో రోజు చేర్చుకున్నారు.”

“ఆ పిల్ల ఏమైంది?”

“అక్కడే పాఠాలు చెప్పిందండి. ఇప్పుడు ఆడపిల్లల హాస్టలుకి ఆమె పేరే పెట్టారు.”

“మరి తండ్రి పేరేంటి?”

“పుస్తకంలో లేదండి. చాలా వెతికాను.”

హుస్సేన్ సాహెబ్ కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడిచాడు. టీ చల్లారిపోయింది. ఏ తండ్రి అయినా బిడ్డను అంత దూరం పంపాలంటే ఎంత నలిగిపోతాడో, ఇన్నాళ్లుగా ఈ వ్యాపారంలో ఉండి కూడా బాలుకి ఆ రోజే తెలిసింది. మనసంతా బరువెక్కింది.

చివరికి ఆయన కళ్లజోడు పెట్టుకుని, వస్తుందని రాయండి అన్నాడు.

బాలు ప్రాణం లేచొచ్చింది. మధ్యలో కాయ చూపించి మరీ సరుకు ఒప్పించిన సిద్దికా లాంటి మనిషిని జన్మలో వదులుకోకూడదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. ఆమె కంప్యూటర్‌లో ఆ యూనివర్సిటీ పేజీ తెరిచింది గానీ వేళ్లు కదలడం లేదు. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. మరీ మెత్తని మనసు అనుకుని బాలు నవ్వి, కీబోర్డు తన ముందుకు లాక్కున్నాడు.

“అమ్మాయి పేరు చెప్పండి సాహెబ్‌గారూ.”

“ఈ మేడమే మా అమ్మాయండీ,” అన్నాడు హుస్సేన్ సాహెబ్.