ఒక్కచోటే పచ్చగా

లాన్‌లో స్ప్రింక్లర్లు తలలెత్తాయి గానీ నీళ్లు చిమ్మలేదు.

జలుబు చేసిన ముక్కుల్లా కారాయి, అంతే.

అక్క మెట్ల మీద కూలబడింది.

చెల్లి పెళ్లి దగ్గర పడింది. మాట్లాడుకున్న హాలు మరమ్మతుల పేరుతో చేజారిపోతే, "మన గడ్డి మీదే చేసుకుందాం అక్కా" అంది చెల్లి. అమ్మా నాన్నా లేని ఇల్లు. పెళ్లిపెద్ద అక్కే.

ఆ గడ్డి ఇప్పుడు చీపురుపుల్లల రంగుకు తిరుగుతోంది.

తెలిసిన ప్లంబర్లకు ఫోన్ చేసింది. ఒకడు ఎత్తలేదు. ఇంకొకడు, "అంత చిన్న పనికి రామండీ" అన్నాడు.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూశారు.

"మా ప్లంబరు నంబరు చెబుతాను, కొట్టు."

ఆవిడ చెబుతుంటే అక్క కొట్టింది.

"హలో" అన్నాడు అవతల ఎవరో పెద్దాయన.

"మీరైనా ఫోన్ పెట్టెయ్యకండి. మా లాన్ స్ప్రింక్లర్లకి ప్రెజర్ రావట్లేదు. గడ్డంతా ఎండిపోతోంది. దాని మీదే మా చెల్లి పెళ్లి. చూసుకోడానికి నేను తప్ప..."

మాట పూర్తి కాకుండానే ఏడ్చేసింది.



"ఏడవకమ్మా. ఇప్పుడే మళ్లీ చేస్తాను" అని పెట్టేశాడు.

అన్నట్టే చేశాడు.

"వంటింటి కుళాయిలో నీళ్లు బాగా వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"అయితే తేడా లాన్ లైన్లోనే. దాని వాల్వు పూర్తిగా తెరిచుందా? పిడి పైపుకి అడ్డంగా ఉండకూడదట. పైపు వెంబడే ఉండాలి."

"వెంబడే ఉందండీ."

"అలాగా" అని నీళ్లు నమిలాడు. "ఉండమ్మా, మళ్లీ చేస్తా."

అక్కకు ఒళ్లు మండింది. మాటమాటకీ ఫోన్ పెట్టేసి ఆలోచించే ప్లంబర్ని ఆమె ఇంతవరకూ చూడలేదు.

మర్నాడు ఆయనే చేశాడు.

"స్ప్రింక్లర్ తల విప్పు. లోపల చిన్న జల్లెడ ఉంటుంది. దాంట్లో ఇసుక పట్టిందేమో చూడు."

పట్టింది. అక్కాచెల్లెళ్లు పాత టూత్‌బ్రష్‌లు తెచ్చుకుని అన్నిటినీ తోమి బిగించారు. ఇంటి దగ్గరున్నవి బాగానే చిమ్మాయి. గేటు వైపువి మాత్రం మోకాలి ఎత్తు కూడా లేవలేదు.

"మీరే ఒకసారి వచ్చి చూడొచ్చుగా?" అంది అక్క.

"నేనొస్తే ఒరిగేదేం లేదమ్మా. మీరు చేసుకుంటేనే త్వరగా అవుతుంది."

"చేతకాకపోతే చేతకాదని చెప్పండి. మా ఖర్మకొద్దీ దొరికారు."

"కోపం తెచ్చుకోకు. ఇప్పుడే చేస్తా."

"పాపం, పెద్దాయన్ని అలా అంటావేంటే?" అంది చెల్లి.

"రాడు, చెయ్యడు. కూర్చున్న చోటి నుంచి కబుర్లు. ఈ మాత్రం పని నేనూ చెయ్యగలను."

ఫోన్ మోగింది.

"దగ్గరివి బాగుండి, దూరానివి నీరసపడుతున్నాయంటే మధ్యలో ఎక్కడో పైపు పగిలుంటుంది. అంతా ఎండిపోయి ఒక్కచోటే పచ్చగా ఉందా అమ్మా?"

ఉంది. గేటు పక్కన, చాపంత మేర. ఇదొక్కటైనా బతికిందని అక్క రోజూ మురిసిపోయే చోటు.

"నీళ్లన్నీ అదే తాగేస్తోంది. అక్కడ తవ్వండి."

తవ్వితే బురద తేలింది. బురద కింద పగిలిన పైపు. ఆయన ఫోన్లో చెబుతూ పోయాడు. మధ్యమధ్య పెట్టేసి, మళ్లీ చేసి చెప్పాడు. పాడైన ముక్క కోసేసి, కొత్త ముక్కకు రెండు పక్కలా జాయింట్లు తొడిగి, జిగురు ఆరేదాకా ఆగి అక్క వాల్వు తిప్పింది.

నీళ్లు లేచాయి. గోడ దాటి పిన్నిగారు ఆరేసిన బట్టల్ని మళ్లీ తడిపేశాయి.

"చిమ్ముతున్నాయండీ" అంది అక్క ఫోన్లో.

"నిజంగానా?" ఆయన గొంతులో ఆమె కంటే ఎక్కువ ఆశ్చర్యం. వెనక ఎవరో నలుగురు ఒక్కసారే నవ్వారు.

నవ్వులు సద్దుమణిగాక అడిగాడు. "పెళ్లినాటికి పచ్చబడుతుందిగా అమ్మా? ఒక్కసారి చూడాలనుంది."

పనికి రానివాడు పెళ్లి భోజనానికి వస్తాడట, అనుకుంది అక్క.

"హడావిడి తగ్గాక చూద్దాం లెండి."

"అలాగేనమ్మా. పిల్ల చల్లగా ఉండాలి."

పెళ్లి బాగా జరిగింది. వచ్చినవాళ్లంతా చెప్పులు విడిచి గడ్డి మీదే తిరిగారు. చెల్లి అత్తగారింటికి వెళ్లిపోయింది. ఇంటి పని, ఆఫీసు పని అక్కను మళ్లీ చుట్టేశాయి.

ఒక ఆదివారం గోడ దగ్గర పిన్నిగారు నిలదీశారు.

"మా ప్లంబర్ని అసలు పిలవనే లేదటగా?"

"రోజూ మాట్లాడానండీ."

అక్క ఫోన్ తీసి నంబరు చూపించింది. పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"చివరి అంకె తప్పు కొట్టావు."

అక్క లోపలికి వచ్చి ఆ నంబరుకే చేసింది. ఎవరో ఆవిడ ఎత్తింది.

"ఆయన ఉన్నారాండీ? మా లాన్ చూడ్డానికి రమ్మందామని."

"లేరమ్మా."

"ఎప్పుడొస్తారు?"





"పోయిన నెలలో, నిద్రలోనే కన్నుమూశారమ్మా" అంది ఆవిడ నెమ్మదిగా. "నువ్వు పెళ్లి గడ్డి అమ్మాయివా?"

"అవునండీ. ఆయన... ప్లంబరేనా?"

"పైపుల సంగతి ఆయనకేం తెలుసమ్మా, మాది సెలూన్. ఏడుస్తున్న పిల్లకి రాంగ్ నంబరని ఎలా చెప్పేదంటూ, నువ్వేదైనా అడిగినప్పుడల్లా సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి, అడిగి రావడానికి ఎదురుగా ఉన్న పైపుల కొట్టుకి పరిగెత్తేవారు."