ముఖం మీద ముఖం

“నన్ను ఇంగా తగ్గియ్యప్పా,” అంది ఆంజినమ్మ.

పామిడిలో ఫోటో స్టూడియో నడిపే వీరేష్ మౌస్ పట్టుకుని నిట్టూర్చాడు. పెళ్లి ఫోటోలోంచి ఆమె ముఖం తీసి, భర్త ముఖం మీద పరిచాడు. పైది పల్చన చేసేకొద్దీ కిందిది తేలుతోంది.

“ఇద్దర్నీ కలిపితే పాప ముఖం రాదక్కా.”

“యాల రాదు? మా ఇద్దరికే పుట్టింది గదా! రవ్వంత జరుపప్పా, నీ కాళ్లు పట్టుకుంటా.”

చనిపోయిన కూతురు లావణ్యకు ఉన్న ఒక్క ఫోటోనూ భర్త సుంకప్ప ఆ పిల్లతోపాటే గుంతలో పెట్టించాడు. ఫోటో ఇంట్లో ఉంటే చిన్న ప్రాణం గడప దాటి పోలేదని పెద్దలు చెప్పారట. ఆనాటి నుంచి ఆంజినమ్మ మొగుడితో మాట్లాడలేదు. ఇప్పుడు కళ్లు మూసుకున్నా కూతురి ముఖం రావడం లేదు.

తెర మీద ఎవరో పరాయి పిల్ల.

“ఇది కాదు... నా బిడ్డ ఇది కాదప్పా!” ఆమె బల్లకేసి తల కొట్టుకుంది.

అంతసేపూ స్టూడియో గడప మీద వీపు తిప్పి కూర్చున్న సుంకప్ప లేచి వచ్చాడు.

“నన్ను తగ్గియ్యప్పా. ముక్కు వాళ్లమ్మదే. ఈడ, గెడ్డం కింద, నువ్వుగింజంత మచ్చ ఉన్నింది. నవ్వితే ఎడమ కన్ను సన్నమయ్యేది...”

ఆ మచ్చను ఆంజినమ్మ మర్చేపోయింది.

సుంకప్ప కింది పెదవిని పంటితో నొక్కిపట్టాడు.

వీరేష్ మౌస్ జరపబోతే ఆంజినమ్మ అతని చెయ్యి పట్టుకుంది. ఆమె తెర వైపు చూడటం లేదు.

ఏడుపు ఆపుకునేటప్పుడు లావణ్య కూడా పెదవిని అచ్చం అట్లాగే నొక్కిపట్టేది.