రెండు పూతల సున్నం

గోడ గీకొద్దని బసవపున్నయ్య అప్పటికి మూడుసార్లు చెప్పాడు.

నవదీప్ కౌర్ వినలేదు. సంచీలోంచి చిన్న బ్లేడు తీసింది. పాత కట్టడాల కమిటీ పంపిన ఆర్కిటెక్టు ఆమె. సున్నం ఎన్ని పూతలుందో చూస్తే ఇంటి వయసు తేలుతుందట.

"వయసు నేను చెప్తాను కదా మేడమ్" అన్నాడు తన గుంటూరు హిందీలో.

"మీ మాటని ఫైల్లో అంటించలేను అంకుల్‌జీ" అందామె.

లోనీ రోడ్డు పక్క గల్లీలో ఉంది ఆ ఇల్లు. ఎనభై ఏళ్ల కిందట ఇటుక బట్టీ లాలా కట్టించుకున్నాడు. బట్టీ మూతపడి, లాలా కూలి డబ్బులు ఎగ్గొట్టి మీరట్ వెళ్లిపోయాక, ఆ బట్టీ పనికే ఆంధ్రా నుంచి వచ్చిన కూలీలు గదికొక కుటుంబం చొప్పున చేరిపోయారు. పదకొండు గదులు, నలభై మంది మనుషులు. ఇప్పుడు లాలా మనవలు దాన్ని బిల్డరుకు అమ్మేస్తున్నారు. కమిటీ హెరిటేజ్ ముద్ర వేస్తే ఇల్లు నిలుస్తుంది. వెయ్యకపోతే దీపావళికి నలభై మందీ రోడ్డు మీద.

అందుకే రెండేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు బసవపున్నయ్య. చదివింది నాలుగో క్లాసు. అరవై ఎనిమిదేళ్ల వయసులో హెరిటేజ్ అనే మాట నేర్చుకున్నాడు. నేర్చుకున్న రోజు నుంచి దాంతో అందరి చెవులూ చిల్లులు పొడిచాడు. "ఈ ఊళ్లో ఎర్రకోటకి విలువుంది, మా ఇంటికి లేదా? అక్కడ కాపురమున్నవాళ్లు పోయి ఎన్నాళ్లయింది? మేమింకా ఉన్నాం" అని ఒక పెద్దాఫీసరు మొహం మీదే అడిగాడు. ఆఫీసరు టీ ఇప్పించి పంపేశాడు. టీ తాగి వచ్చినందుకు వారం రోజులు తనని తాను తిట్టుకున్నాడు.

మెత్తగా మాట్లాడటం రాదు ఆయనకి. భయపడి ఒక్క మాటైనా మార్చలేదని గొప్ప. ఆ గొప్ప వల్ల మేస్త్రీ పనులు ఎన్ని పోయాయో భార్య సీతారత్నం వేళ్ల మీద చెప్పగలదు.

ఇంకో గొప్ప కూడా ఉంది. ఏటా దీపావళికి ముందు వీధి వైపు గోడకి తనే సున్నం వేస్తాడు. ఒకటి కాదు, రెండు పూతలు. సొంత గది కప్పు కారుతున్నా చూడడు. ఏడాది తిరిగేసరికి ఆ గోడ సున్నమే పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది.

"మేస్త్రీవి. ఎందుకు లేస్తుందో తెలీదా?" అని సీతారత్నం అడుగుతుంది.

"తేమ" అంటాడు.

ఇంటి మీద ఎంత ప్రేమో అని గల్లీ అంతా చెప్పుకుంటుంది. ఆయన కాదనడు.

ఇవాళ ఆఖరి తనిఖీ. చెక్కిన స్తంభాల్లేవు, పేరున్న మనిషి పుట్టలేదు, ఇందులో ప్రత్యేకం ఏముందని కమిటీ పెద్దలు ఇప్పటికే పెదవి విరిచారు. మనవరాలు అక్షర ఇందిరాపురం నుంచి దీనికోసమే వచ్చింది. తాత పక్కకి చేరి గొంతు తగ్గించింది.

"తాతా, క్రాక్ ఉందా లోపల? సచ్ బతావో. ఏదో ఒకటి చెప్పి ఆపేస్తా."

"క్రాకే అనుకో" అన్నాడు.

అప్పటికే బ్లేడు ఆనింది. రొట్టెంత పెళ్ల ఊడి కింద పడింది. దాని పక్కది, దాని పైది. ముప్పై ఎనిమిది దీపావళుల సున్నం భళ్లున జారిపోయింది. గోడ మీద నూనె రంగుతో రాసిన ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి. మూరెడేసి అక్షరాలు.

"ఇదేం లిపి?" అంది నవదీప్.

"తెలుగు" అంది అక్షర. "నాకు బోల్నా ఆతా హై, చదవడం రాదు."

ఆమెకే కాదు, అక్కడ ఎవరికీ రాదు. పిల్లలకి అక్షరాలు నేర్పాలని బసవపున్నయ్య ఒకప్పుడు వసారాలో ఆదివారం బడి పెట్టాడు. మూడో వారానికి నల్లబల్ల మీద వడియాలు ఎండుతున్నాయి. సొంత అక్షరాలు రాని దద్దమ్మలని అప్పట్నుంచీ గల్లీని తిడుతూనే ఉన్నాడు. పాతవాళ్లంతా పోయారు. తెలుగు చదవగలిగేది ఇప్పుడు ఇద్దరే, ఆయనా సీతారత్నమూ. ఆవిడ నీళ్లకెళ్లింది.

దద్దమ్మలందరినీ మనసులోనే దీవించాడు.

నవదీప్ ఫొటోల మీద ఫొటోలు తీస్తోంది. "అంకుల్‌జీ, వలస కూలీలు తమ భాషలో గోడ మీద రాసుకున్న మాట ఇది. మీ ఫైల్లో ఇన్నాళ్లూ లేనిది ఇదే. ఏమని ఉంది?"

నలభై మందీ ఆయన నోటి వైపు చూశారు. ఆ నోరు మొదటిసారి తడబడింది.

"ఈ ఇల్లు మనది" అని చదివాడు. అక్షరాల కింద వేలు జరిపాడు. "ప్రాణం పోయినా కాపాడుకుందాం."

"కింద చిన్నక్షరాలు?"

"రాసినాయన ఊరు."

ఆమె రాసుకుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఇక మీ ఇంటిని ఎవరూ తాకలేరని చెప్పి, ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఎవరో జిలేబీకి పరిగెత్తారు.

సీతారత్నం బకెట్టుతో వచ్చింది. బకెట్టు దించి, గోడని పైనుంచి కిందికి చదివింది. మొగుడు ఏమని చదివాడో మనవరాలి నోట వింది. మొగుడి వైపు తిరిగింది.

"బాగానే చదివావయ్యా" అంది.

గోడ మీద ఎర్రగా ఉన్నది ఇది: "ఈ లాలా కొంపని ఇటుక మీద ఇటుక లేకుండా కూల్చేదాకా నిద్రపోను — ఇట్లు, బసవపున్నయ్య."