చైనులో చిక్కినది

నాకు చదువు రాదు. చెప్పింది చెప్పినట్టు రాయమని స్టేషనులో కానిస్టేబుల్‌కి గట్టిగా చెప్పాను.

"మా ఆయన సైకిలుకి మోటారు బిగించింది ఈ మెకానిక్కు హనోకే. సైను ఒదులుగా ఒగ్గీసేడు. బెల్లం మార్కెట్టు రోడ్డు మీద అది పట్టీసి, మడిసి లారీ కింద పడిపోయేడు. ఈడిని లోపలెయ్యాల. ఆయన ఎల్లినప్పటి సైను సప్పుడు ఇప్పటికీ నా సెవుల్లో తిరుగుతంది."

స్టేషను వాకిట్లో పెట్టిన ఆ సైకిలు చైనుని హనోకు మా ఎదుటే విప్పాడు. "ఒదులు లేదు పిన్నమ్మా. సక్రం పళ్లకి ఇది సుట్టుకుపోయింది."

గ్రీజులో నానిన నల్లతాడు. చేతిలోకి తీసుకుని తడిమితే మూడు ముడులు తగిలాయి.

కొత్త మోటారుకి దిష్టి తగలకూడదని, ఆయన పోయిన రోజు ఉదయం వెనక చక్రానికి మూడు ముడులేసి నేను కట్టిన తాడే అది.

"ఆడి పేరు కొట్టీ బాబూ. నా పేరు రాయి, కాసులమ్మ. ఏలిముద్రకి ఇంకు అక్కర్లేదు, ఏలికి గ్రీజుంది."